మొహమాటానికి వేసుకున్న కోటు

మా అమ్మాయికి కాబోయే అత్తగారిని మొదటిసారి కలిసినప్పుడు నేను చచ్చి పడి ఉన్నాను. తప్పు నాది కాదు, నా మొహమాటానిది.

రిటైరయ్యాక రోజుకి రెండుసార్లు ఫ్రిజ్ సర్దుతూ మా ఆవిడ ప్రాణం తీస్తున్న రోజుల్లో, నా పాత కొలీగ్ ఒకాయన తన దండులో చేరమన్నాడు. అమెరికాలో బానిసల్ని వదులుకోవడం ఇష్టంలేక దక్షిణ రాష్ట్రాలు విడిపోతామంటే, కుదరదని ఉత్తరంవాళ్ళు చేసిన యుద్ధం ఉంది కదా. దాన్ని ఇక్కడ, సరిహద్దుకి ఇవతల ఒంటారియోలో కొందరు వేసవి ఆదివారాల్లో పాతకాలం బట్టలు వేసుకుని మళ్ళీ ఆడతారు. పక్కింటివాళ్ళ గొడవ మనకెందుకు నాయనా అని అడగాలనిపించింది, అడగలేకపోయాను. చలికాలమంతా రిచ్‌మండ్ హిల్‌లో ఒక హాల్లో చెక్క తుపాకీ భుజానేసుకుని కవాతు నేర్చుకున్నాను. మాది ఉత్తరం పక్షం, అంటే యూనియన్ సైన్యం, నీలం ఉన్ని కోటు. అద్దంలో చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, బాగానే ఉన్నాననిపించింది.

కిచెనర్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి అప్పుడే పెళ్ళి సంగతి చెప్పింది. అబ్బాయి తన ఆఫీసులోనే పనిచేస్తాడు, నల్లజాతివాడు. వాళ్ళ పూర్వీకులు దక్షిణాన ఒక పత్తి తోటలోంచి పారిపోయి, వారాల తరబడి నడిచి, సరిహద్దు దాటి ఇక్కడికి చేరినవాళ్ళు. తండ్రి లేడు. తల్లి రిటైరైన నర్సు. ఆవిడ సరేనంటేనే పెళ్ళి అన్నాడట. మా అమ్మాయి వెళ్ళి "మా డాడ్ యూనియన్ సోల్జర్" అని ఆవిడతో గొప్పలు చెప్పింది. అయితే ఆయన్ని యుద్ధంలోనే చూస్తాను అందట ఆవిడ.

ఆ ఆదివారం నేను ముందుగా మైదానానికి చేరాను. మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, సున్నుండల డబ్బాతో పిల్ల కారులో వస్తానంది. నేను నీలం కోటు గుండీలు పెట్టుకుంటుండగా మా కెప్టెన్, అదే నా పాత కొలీగ్, హడావిడిగా వచ్చాడు. దక్షిణం పక్షం వాళ్ళ వ్యాన్ దారిలో ఆగిపోయిందట. ఇలాంటప్పుడు ఎక్కువమంది ఉన్న పక్షంలోంచి కొందరు అటు మారడం ఆనవాయితీ.

"ఇవాళ్టికి వాళ్ళ బూడిదరంగు కోటు వేసుకుంటావా? ఇబ్బందైతే చెప్పు" అన్నాడు.

ఇబ్బంది కొండంత ఉంది. అయినా నా నోట్లోంచి "నో ప్రాబ్లమ్" అనే వచ్చింది. పెళ్ళి భోజనంలో నాలుగో బూరె వద్దనలేని నోరది. ఇబ్బందని చెప్పినవాళ్ళు మాత్రం హాయిగా కాఫీ తాగుతున్నారు.

కోటు తొడుక్కున్నాను, ఈసారి అద్దం జోలికి పోలేదు. మనుషుల్ని కొనుక్కుని ఉంచుకుంటామన్నవాళ్ళ కోటది. ఇందులో నన్ను చూసి ఆవిడ ఈ సంబంధం వద్దంటే నా కూతురి మొహం ఎలా చూడాలి? ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. మొదటి తుపాకీ పేలగానే చచ్చిపోయి, మొహం గడ్డిలో పెట్టుకోవాలి. చచ్చినవాళ్ళు బాకా ఊదేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. ఈలోగా నన్నెవరు గుర్తుపడతారు?

తుపాకీ పేలింది. గుండె పట్టుకున్నాను. పడదామని చూస్తే కింద బాతుల రెట్ట. పక్కకి తూలాను, అక్కడా రెట్టే. ఈ దేశంలో పచ్చగడ్డి కనబడితే చాలు, అడవి బాతులు దాన్ని మిగల్చవు. మా వరసలో వాళ్ళంతా పోయినా నేనొక్కణ్ణే పోకుండా, గుండె పట్టుకుని మైదానమంతా తూలి, శుభ్రమైన జాగా కనబడగానే దబ్బున పడ్డాను. జనం చప్పట్లు కొట్టారు. అది సరిగ్గా వాళ్ళ ముందు కట్టిన తాడు పక్కన.

"ఏవండీ! ఇదేం వేషమండీ? పొద్దున్నే ఇస్త్రీ చేసిచ్చిన కోటేదీ?" నెత్తిమీద మా ఆవిడ గొంతు.

"డాడ్! సీరియస్లీ?" పక్కనే మా అమ్మాయి గొంతు.

"ఈయనేనా మీ నాన్నగారు?" అని ఇంగ్లీషులో ఇంకో గొంతు, నిదానంగా.

నియమం పక్కనపెట్టి గడ్డిలోకే చెప్పాను. "అటువైపు మనుషులు తక్కువయ్యారండీ. కాదనలేకపోయాను."

నా పెళ్ళిచూపుల్లో కూడా నేనంత భయపడలేదు. ఇంతలో బాకా ఊదారు. శవాలన్నీ లేచి బట్టలు దులుపుకున్నాయి. నేనూ మోచేతి మీద లేవబోయాను.

"ఆగండి" అందావిడ. "కాసేపు అలాగే పడుకోండి. ఈ కోటు నేలమీద పడి ఉంటే చూడాలని మా ముత్తవ్వ తల్లి ఎంత ఆశపడిందో. ఆవిడ బదులు నన్ను చూడనివ్వండి."

కుర్చీ తాడు దగ్గరికి జరుపుకుని కూర్చుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం మళ్ళీ గడ్డిలో పెట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా పడుకున్నాను. మైదానం ఖాళీ అయ్యాక ఆవిడ లేచి, తాడు మీదుగా నాకు చెయ్యి అందించింది.

"చాలు, లేవండి. పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందాం?"