నిమిషం గారి బస్సు తలుపు

నా బతుకుని ఒక్క నిమిషంలో తలకిందులు చేసిన మనిషి ఇరవై ఒక్కేళ్ళ తర్వాత వచ్చి, సరిగ్గా నా షాపు ఎదురుగా కాపురం పెట్టాడు. అది కూడా అదే బస్సులో.

నాది సైకిళ్ళు బాగుచేసే షాపు. రోడ్డుకి అవతల ఒక ఖాళీ మైదానం ఉంది. రెండేళ్ళ కిందట ఒక పాత బస్సు వచ్చి అందులో ఆగింది. సీట్లన్నీ పీకేసి లోపల మంచం, బీరువా, స్టవ్వు, చిన్న సింకు అమర్చుకున్నారు. కిటికీలకి పూల కర్టెన్లు, టాపు మీద నీళ్ళ ట్యాంకు. చక్రాల మీద ఇల్లన్నమాట. ఏడాదిలో ఆరు నెలలు ఊళ్ళు తిరుగుతుంది, మిగతా ఆరు నెలలు నా కళ్ళెదుటే ఉంటుంది. ఆ రోజు డ్రైవరు సీట్లోంచి దిగిన పెద్దాయనకి జుట్టంతా తెల్లబడింది, పొట్ట కాస్త ముందుకొచ్చింది. నేల మీద కాలు పెట్టగానే చేతి గడియారం చూసుకున్నాడు. ఇంక అనుమానమే లేదు, ఆయనే.

ఆయన అసలు పేరు మాలో ఎవరికీ తెలీదు. రూట్లో అందరికీ ఆయన నిమిషం గారు. బస్సు ఎనిమిదీ పదికి బయలుదేరాలంటే ఎనిమిదీ పదికే కదలాలి. ఎనిమిదీ పదకొండుకి వచ్చినవాడు తలుపు బాదినా, కాళ్ళావేళ్ళా పడినా, ఆయన అద్దంలో చూసి గేరు మార్చేవాడే తప్ప బ్రేకు మీద కాలు వేసేవాడు కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పిడి పట్టుకుని వేలాడుతున్నారని తలుపుకి బయటివైపు పిడే పీకించేశాడు. "నా బస్సు తలుపు బయటినుంచి తెరుచుకోదు" అని మీసం మెలేసేవాడు. డిపో వాళ్ళు ఆయనకి సమయపాలన ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అదిప్పుడు అద్దం బిగించి బస్సులో స్టవ్వు పైన వేలాడుతోంది.

ఆ బస్సు మీద ఆయన భార్యే కండక్టరు. పాతికేళ్ళు ఆయన ముందు, ఆవిడ వెనక. ఇద్దరి మధ్యా ఒక పంపకం ఉండేది. తాళంచెవి డ్రైవరుది, తలుపు కండక్టరుది. ఆవిడ తలుపు లాగి "రైట్" అనాలి, ఆయన బండి కదిలించాలి. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. వాళ్ళిద్దరూ, ఆ బస్సూ ఒకే ఏడాది రిటైరయ్యారు. బస్సుని వేలంలో కొనుక్కుని ఇల్లు చేసుకున్నా పంపకం మాత్రం మారలేదు. ఆయన తన తలుపులోంచి దిగుతాడు, ఆవిడ తన తలుపులోంచి దిగుతుంది.

ఇక నా సంగతి. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. నేను స్టాపు చేరేసరికి నిమిషం గారి బస్సు కదిలింది. అంతే. కుర్చీ, ఫ్యాను, పెన్షను అన్నీ దాంతోపాటే పోయాయి. అప్పటినుంచి ట్యూబులు నీళ్ళలో ముంచి బుడగలు లెక్కపెడుతున్నాను. నా దగ్గర పంచరు వేయించుకున్న ప్రతివాడికీ ఈ కథ కంఠతా వచ్చు. ఆయన ముఖం మీద అడిగే ధైర్యం మాత్రం లేక, "బాబాయ్, గాలి కొట్టమంటారా?" అంటూ ఉంటాను.

ఆయనకీ ఒక కథ ఉంది. సైకిల్‌కి గాలి కొట్టించుకోవడానికి వచ్చినప్పుడల్లా చెబుతాడు. కూతురు కాలేజీ చివరి పరీక్షకి బయలుదేరిందట. ఒక్క నిమిషం ఆలస్యమైందట. స్టాపులో సొంత కూతురు చెయ్యూపుతూ పరిగెత్తుకొస్తున్నా ఆయన బస్సు ఆపలేదట. "రూలంటే రూలే అబ్బాయ్. కూతురైతే ఏంటి, కోడలైతే ఏంటి?" అంటాడు. రిటైరైన రోజు సభలో కూడా ఇదే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. మరి ఆ అమ్మాయి పరీక్ష రాసిందా అని అడిగితే, "టాక్సీలో వెళ్ళిందని వాళ్ళమ్మ చెప్పింది" అని గాలి చాలు, చాలు అంటూ వెళ్ళిపోయేవాడు.

ఆ కూతురు ఇప్పుడు ఫ్యాక్టరీల్లో భద్రతా తనిఖీలు చేసే అధికారి. అమ్మానాన్నలు బస్సులో ఉంటున్నారంటే ఆవిడకి కంటిమీద కునుకు లేదు. "నిప్పంటుకుంటే ఎలా బయటికొస్తారు?" అని ఫోనులో రోజూ అదే పోరు. చివరికి ఒక మాట ఖాయం చేసింది. ఆదివారం పదకొండింటికి వచ్చి చూస్తుంది. బాగుంటే సరే. లేదంటే ఇద్దరూ సామాను సర్దుకుని ఆవిడ ఫ్లాటుకి వచ్చెయ్యాలి. బస్సు తుక్కుకి పోతుంది.

"ఏడో అంతస్తులో గదట" అని శనివారం నా షాపులో స్టూలు మీద కూలబడి చెప్పాడు. "కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ. అక్కడ పొద్దున లేచి నేనేం చెయ్యాలి, లిఫ్టు నడపాలా?"

నాకు జాలేసింది. కొద్దిగా సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు.

ఆదివారం పదిగంటలకి ఆయన రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పరిగెత్తించడమే చూశాను.

"అబ్బాయ్, సన్నటి కడ్డీ ఏదన్నా ఉందా? తాళంచెవి లోపలుండిపోయింది."

ఉన్న కడ్డీలన్నీ చంకన పెట్టుకుని, సగం షట్టరు దించి, ఆయన వెనకే వెళ్ళాను. ఇలాంటి రోజు మళ్ళీ వస్తుందా!

జరిగిందిది. పొద్దుటినుంచి ఇద్దరూ బస్సంతా కడిగి తుడిచారు. ఆయన బ్యాటరీ ఎంత ఉందో చూడ్డానికి తాళంచెవి తిప్పి, అలాగే వదిలేశాడు. కడిగిన బస్సు ఎలా ఉందో బయటినుంచి చూద్దామని ఇద్దరికీ ఒకేసారి బుద్ధి పుట్టింది. ఆయన అలవాటుగా తన తలుపు బొత్తాం నొక్కి మూశాడు, తాళం పడింది. అవతలివైపు ఆవిడ దిగి, అలవాటుగా మడత తలుపు లాగి "రైట్" అంది. లోపల కొక్కెం టక్కుమని పడింది. తలుపు తెరిచే ఉంటుంది కదా, అది కండక్టరు సంగతి అని ఆయన ధీమా. తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది కదా, అది డ్రైవరు సంగతి అని ఆవిడ ధీమా.

"దిగేముందు చెవి తీసుకోవద్దా?" అంటోంది ఆవిడ.

"తలుపు నువ్వెందుకు గట్టిగా వేశావ్?"

"తలుపు గట్టిగా వెయ్యమని పాతికేళ్ళు పోరింది మీరు కాదూ?"

ఆయన బస్సు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కిటికీలకి దొంగల భయంతో ఆయనే ఇనుప గ్రిల్లు వేయించాడు. టాపు మీది కంతలో ఆయనే ఫ్యాను బిగించాడు. వెనక అత్యవసర ద్వారానికి బయటి పిడి పీకేసి, లోపల బీరువా అడ్డం పెట్టింది కూడా ఆయనే. దొంగ అనేవాడు ఆ బస్సులోకి దూరలేడు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను నా కడ్డీలతో డ్రైవరు తలుపు దగ్గర అరగంట కుస్తీ పట్టాను. పెయింటు గీరుకుపోతుందని ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగుతూనే ఉన్నాడు.

"అద్దం పగలగొట్టేద్దాం బాబాయ్" అన్నాను. నా గొంతులో హుషారు నాకే వినిపించింది.

"పాతికేళ్ళలో ఈ అద్దానికి గీత పడలేదు!"

"పగిలిన అద్దం చూసిందంటే అమ్మాయి ఇంకేం అడగదు. సామాను సర్దండి అంటుంది" అంది పిన్ని. నేనావిడని పిన్నీ అనే పిలుస్తాను.

అక్కడినుంచి ఆవిడ వరస మారింది. "మీరు వెళ్ళి తాళాలు తీసేవాణ్ణి పిలుచుకురండి, నేనిక్కడుంటాను" అంది ఆయనతో. ఆయన కదల్లేదు. "పోనీ అబ్బాయి షాపులో కూచుని కాస్త నీళ్ళు తాగండి, ముఖం పీక్కుపోయింది" అంది. కదల్లేదు. "రోడ్డు మొదట్లో నిలబడండి, అమ్మాయికి దారి తెలీదు" అంది.

"డ్రైవరు బస్సుని వదిలేసి వెళ్ళడు" అన్నాడాయన, చేతులు కట్టుకుని.

"డ్రైవరు గారూ, మీకో దణ్ణం" అంది ఆవిడ. బాగా ఒళ్ళు మండితే తప్ప ఆవిడ ఆయన్ని అలా పిలవదు. ఆయన్ని ఎలాగైనా అక్కడినుంచి పంపించాలని చూస్తోందని నాకర్థమైంది. ఎందుకన్నది అర్థం కాలేదు. మాటిమాటికీ బస్సు పక్కన ఊడ్చిన చెత్తకుప్ప వైపు చూస్తోంది, ఆయన తల తిప్పగానే చూపు మరల్చుకుంటోంది.

పదకొండింటికి పది నిమిషాలుందనగా నిమిషం గారు చేతి గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఇక దాన్ని చూసే ధైర్యం లేదాయనకి. తలుపుకి రెండు అరచేతులూ ఆనించి, "తియ్యవే, ఒక్కసారి తియ్యవే" అని బస్సుని బతిమాలాడు. ఇరవై మూడేళ్ళుగా నేను ఎదురుచూసిన దృశ్యం అదే. తీరా వచ్చాక చూడలేక, కడ్డీలు సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను.

సరిగ్గా పదకొండింటికి కూతురు వచ్చింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల ఇంకో టైముకి ఎలా వస్తుంది? చేతిలో తనిఖీ చేసేవాళ్ళ అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితం. నాన్నని చూసింది, అమ్మని చూసింది, నా కడ్డీలు చూసింది.

"బయటికి రావడం గురించి అడుగుదామని వచ్చాను నాన్నా. లోపలికి వెళ్ళడమే లేదన్నమాట."

ఆయన తల దించుకున్నాడు. "నీ గదికే వచ్చేస్తాం తల్లీ" అన్నాడు నెమ్మదిగా. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగలడని నాకు తెలీదు.

కూతురు తలుపు దగ్గరికి వెళ్ళి, రెండు రెక్కలూ కలిసేచోట రబ్బరు వేలితో నొక్కి చూసింది. "అమ్మా, అట్టేదీ?"

పిన్ని ఉలిక్కిపడింది. "ఏ అట్టే?"

"అదే, కొక్కెం కింద పెడతావే. ఇవ్వాళ తీసేశావా?"

"నువ్వొస్తున్నావని ఊడ్చేశానే" అంది ఆవిడ. ఇంక దాచి లాభం లేదనుకుంది కాబోలు, వెళ్ళి చెత్తకుప్పలోంచి ఒక అట్టముక్క తీసి దులిపింది. టికెట్లన్నీ చింపేశాక పుస్తకానికి మిగిలే అడుగు అట్ట. వాడి వాడి అంచులు నల్లబడ్డాయి. కూతురు దాన్ని రబ్బరు సందులోంచి దూర్చి, పైకి లేపింది. కొక్కెం లేచింది. తలుపు మడత పడి తెరుచుకుంది. నా కడ్డీలు చంకలోంచి జారి కిందపడ్డాయి.

"నా తలుపు బయటినుంచి తెరుచుకోదు" అన్నాడు నిమిషం గారు, ఎవరితోనో తెలీకుండా.

"అసలు మూసుకుంటే కదా" అంది కూతురు. "అమ్మ ఎప్పుడూ కొక్కెం కింద ఈ అట్ట పెట్టే 'రైట్' అనేది. చూడ్డానికి మూసినట్టుంటుంది, తోస్తే తెరుచుకుంటుంది. మలుపు దగ్గర నువ్వు స్లో చేస్తావుగా, పరిగెత్తినవాళ్ళంతా అక్కడ ఎక్కేసేవాళ్ళు. పరీక్ష రోజు నేనూ అక్కడే ఎక్కాను."

"నువ్వు టాక్సీలో వెళ్ళావు."

"నీ బస్సులోనే వెళ్ళాను నాన్నా. వెనక మెట్టు మీద కూచుని."

"టికెట్ కూడా కొట్టాను" అంది పిన్ని. కండక్టరుగా ఆ ఒక్క మాట తన మీద పడకూడదని కాబోలు.

తలుపు సరిగా పడటం లేదని డిపో రిజిస్టరులో ఆయన నెలకోసారి ఫిర్యాదు రాసేవాడట. మెకానిక్కులు వచ్చి చూసినప్పుడల్లా కొక్కెం బ్రహ్మాండంగా పడేదట. పడదా మరి, అట్ట అప్పటికి ఆవిడ సంచీలోకి వెళ్ళిపోయేది. పాతికేళ్ళ సమయపాలన, ప్రశంసాపత్రం, సభలో చప్పట్లు అన్నీ ఆ అట్టముక్క మీద నడిచాయి. ఇక ఆయన అగ్గిమీద గుగ్గిలమవుతాడని నేను రెండడుగులు వెనక్కి వేశాను.

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "అయితే నేను దాన్ని వదిలేసి వెళ్ళలేదా?" అన్నాడు, భార్య వంక చూసి.

"నేను వెళ్ళనిస్తానా?"

"ఆ రోజు చివరి స్టాపు దాకా నేను అద్దంలోకి చూడలేదు" అన్నాడు. "చూస్తే అదింకా అక్కడే నిలబడి ఉంటుందనిపించింది. అప్పటినుంచీ అక్కడే నిలబడి ఉందే." కళ్ళు తుడుచుకున్నాడు. సభలో చప్పట్లు కొట్టించుకున్న కథకి లోపలివైపు ఇదన్నమాట. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అంత గొప్పగా చెప్పుకుంటుంటే పాడుచెయ్యడం ఎందుకులే అనుకున్నాను" అంది ఆవిడ.

కూతురు లోపలికి వెళ్ళి చూసింది, వెనక తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది, కాగితం మీద రెండే రెండు ముక్కలు రాసింది. బీరువా అక్కడినుంచి తీసెయ్యాలి. తలుపులన్నిటికీ బయట పిడులు పెట్టించాలి. అవి చేస్తే ఉండొచ్చు. నిమిషం గారు లేచి నిలబడి, నా వైపు తిరిగి, "అబ్బాయ్, పిడులున్నాయా నీ దగ్గర?" అన్నాడు. ఆయన బయటి పిడి అడగడం చూసి పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పిడులున్నాయి. కానీ నా కాళ్ళు కదల్లేదు. ఇరవై మూడేళ్ళ మంట ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"అందర్నీ ఎక్కించుకున్నావు కదా పిన్నీ, నేనేం పాపం చేశాను? నన్నెందుకు వదిలేశావు?"

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "చేతిలో ఆకుపచ్చ ఫైలు. నువ్వేగా?"

"నేనే."

"తలుపు నీకోసం కూడా తెరిచే ఉంది అబ్బాయ్. మలుపు దాకా కాలితో పట్టుకుని నిలబడ్డాను, రా రా అని చెయ్యి కూడా ఊపాను. నువ్వు పరిగెత్తలేదు. స్టాపులో నిలబడి తిట్టావు."

ఆవిడ మామూలుగానే అంది, తప్పు పట్టినట్టు కూడా లేదు. అనేసి లోపలికి వెళ్ళి స్టవ్వు వెలిగించుకుంది.

పిడులు బిగించడం అరగంట పని. నాకు మధ్యాహ్నం దాకా పట్టింది, మరలు మాటిమాటికీ జారిపోయాయి. మర్నాడు పంచరు వేయించుకోవడానికి వచ్చిన కుర్రాడెవడో, "అన్నా, నీ ఇంటర్వ్యూ కథ భలే ఉంటుందట, చెప్పవా?" అన్నాడు. ట్యూబు నీళ్ళలో ముంచి, పని చాలా ఉందన్నాను.