సీలు పడిన కొంగ

లుదోమీర్ గవ్రోన్ మా రాడొమ్ ఊరి చెప్పుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు తోలు కోసిన మనిషి. చెయ్యి ఎంత నిదానమో నోరు అంత దుడుకు. పనిలోంచి దిగిపోయాక ఊరుకోలేక, రెండేళ్లు కూర్చుని కాగితంతో ఒక వ్యోమనౌక కట్టాడు. మీటరు పొడవు, నాలుగు వేల ముక్కలు, కింద మూడు సన్నటి కాళ్లు. ఆ కాళ్లను చూసే దానికి ‘కొంగ’ అని పేరు పెట్టాడు.

కెప్టెను గదిలో గోరంత బల్ల, బల్ల మీద టీ గ్లాసు, గ్లాసులో చెంచా కూడా పెట్టాడు. పైకప్పు అంటించాక అవేవీ బయటికి కనబడవు.

“ఎవడికి కనబడుతుందని ఈ చెంచా?” అని అడిగాను.

“కెప్టెనుకు,” అన్నాడు.

వంటింటి బల్లంతా కొంగదే. అతని భార్య బొజెనా నన్ను చూడగానే మొదలుపెట్టేది. “చూడండి వితోల్డ్ గారూ, రెండేళ్లుగా మేం ఇస్త్రీ బల్ల మీద సూపు తాగుతున్నాం. ఎవరికైనా చెప్పుకుంటే నవ్విపోతారు!”

నేను కూడా కాగితం పనివాణ్ణే. యుద్ధట్యాంకుల నమూనాలు చేస్తాను. మా ఊరి సాంస్కృతిక భవనంలో ఏటా కాగితం నమూనాల పోటీ జరుగుతుంది. దానికి పెద్ద న్యాయనిర్ణేత ఒల్గెర్డ్ గారు. జీవితమంతా ఆఫీసుల్లో గడిపిన మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ కొలబద్ద ఉంటుంది. 1986లో గవ్రోన్ కొంగను మోసుకొస్తే ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచారు.

“ఇది నమూనా కాదండీ, బొమ్మ. నమూనా అంటే దేనికో ఒకదానికి నమూనా. దీని అసలుది ఎక్కడుంది? దేంతో పోల్చి కొలవమంటారు? పిల్లల బల్ల మీద పెట్టండి, కాగితం కప్పల పక్కన.”

గవ్రోన్ ముఖం కందిపోయింది. అతనికి బహుమతి మీద ఆశ లేదు. ట్యాంకులూ విమానాలూ ఉండే పెద్దల బల్ల మీద తన కొంగ నిలబడాలి, అంతే. ఆ రాత్రి నిబంధనల పుస్తకం అంతా చదివాడట. “అసలు వస్తువు కొలతల పత్రం, గుండ్రటి సీలుతో సహా జతపరచాలి” అని అందులో ఉంది. మర్నాడు నేను పనిచేసే పోస్టాఫీసుకు వచ్చాడు.

“వితోల్డూ, ఒక్క సీలు కొట్టి పెట్టవయ్యా. గుండ్రంగా ఉంటే చాలు. లోపలేముందో ఎవడు చదువుతాడు?”

“నా ఉద్యోగం ఊడుతుంది నాయనా.”

“నీకన్నా ఆ గోడ నయం,” అని విసవిసా వెళ్లిపోయాడు.

నిజం చెప్పొద్దూ, ఉద్యోగం భయం ఒక వంతే. ఆ కొంగ పెద్దల బల్ల ఎక్కితే నా ట్యాంకు మొహం ఎవడు చూస్తాడు?

అతను ఊరుకుంటాడా! చెప్పు అడుగు రబ్బరు మీద తన కత్తితోనే సీలు చెక్కుకున్నాడు: అంతర్‌గ్రహ నౌకల కర్మాగారం, శుక్రగ్రహం, రెండో షెడ్డు. మరుసటి ఏడు అరవై పేజీల పత్రం పట్టుకొచ్చాడు. అందులో పాయిఖానా గొట్టాల పటం సహా అన్నీ ఉన్నాయి. చివరి పేజీలో ‘విడిభాగాలు ప్రస్తుతం దొరకవు, చింతిస్తున్నాం’ అని ఉంది. అది చదివాక ఆ కర్మాగారం ఎక్కడో ఉందని నాకే నమ్మకం కుదిరింది.

ఒల్గెర్డ్ గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. వేలు తడిచేసి సీలు మీద రుద్దారు. చెరగలేదు.

“గుండ్రటిదే,” అన్నారు.

పక్కనున్న న్యాయనిర్ణేత నసిగాడు. “అయ్యా, శుక్రగ్రహం అని ఉంది…”

“చిరునామా మన పని కాదు. సీలుందా? సంతకముందా? ఇంకేం కావాలి మీకు?”

కొంగ పెద్దల బల్ల ఎక్కింది. ఆయన కొలబద్ద తీసి రెండు గంటలు కొలిచారు. కాళ్లు, రెక్కలు, ఆఖరికి నిచ్చెన మెట్లు కూడా. గవ్రోన్ టోపీని పిడికిట్లో నలుపుతూ నిలబడ్డాడు. చివరికి ఆయన తలెత్తారు.

“గవ్రోన్ గారూ, పత్రం ప్రకారం ఎడమవైపు కిటికీలు నలభై ఒకటి. ఇక్కడ నలభయ్యే ఉన్నాయి.”

నాకు నవ్వాగలేదు. గవ్రోన్ చెవిలో అన్నాను. “పత్రంలో తప్పు పడిందని చెప్పవయ్యా. రాసింది నువ్వే కదా!”

నన్ను పురుగును చూసినట్టు చూశాడు. “కర్మాగారం వాళ్ల పత్రాన్ని తప్పంటావా?”

వంగి కిటికీలన్నీ వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఇంత ముక్కోపి కదా, ఇప్పుడు బల్ల తిరగేస్తాడని నేను రెండడుగులు వెనక్కి వేశాను.

“మీరన్నదే నిజమండీ. పొరపాటు నాదే,” అన్నాడు.

రెండు మార్కులు కోశారు. ఒక్క మార్కు తేడాతో మొదటి బహుమతి నా ట్యాంకుకు వచ్చింది. నా పేరు చదివినప్పుడు చప్పట్లు కొట్టింది నలుగురో అయిదుగురో. మిగతా అందరూ కొంగ చుట్టూ మూగి ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. గవ్రోన్ మాత్రం కళ్లు తుడుచుకుంటూ జనాన్ని తోసుకుని, గుమ్మం దగ్గరున్న భార్య దగ్గరికి పరుగెత్తాడు.

“బొజెనా, విన్నావుటే? అసలుదానికి కిటికీలు నలభై ఒకటి ఉంటాయట!”