అధ్యక్షుడి లెక్క, నా అర మీసం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి నేను. ఉదయగిరి కొండ కింద గొర్రెల మందతో ఏళ్ల తరబడి పడుకున్నవాణ్ణి. అక్కడ రాత్రిపూట ఏదైనా కదిలితే అది చిరుతపులి, కాకపోతే గొర్రెల దొంగ. దయ్యానికి మా మందలో పనేమీ ఉండేది కాదు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను. దానికి పేరేం పెట్టాలో నాకైతే తెలియదు.

మూడో ఫారంలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా నాయన అనేవాడు. ఆ తర్వాత గొర్రెలే నా లోకం. సంతకు ఆత్మకూరు వచ్చినప్పుడల్లా మా అక్క ఇంట్లో దిగి, సాయంత్రం లైబ్రరీ రీడింగు రూముకు పోయేవాణ్ణి. పేపరు కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి గాని, పక్కవాణ్ణి ఆటపట్టించడానికి మాత్రం నాకు తడుముకోవలసిన పని లేదు.

మనమింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న రోజులు. అమెరికాలో ముప్పై నాలుగో అధ్యక్షుడు అప్పుడే గద్దెనెక్కాడు. మద్రాసు నుంచి ఒక పెద్ద బొమ్మల కాగితం వస్తే రీడింగు రూము గోడకు అంటించారు. మొదటి అధ్యక్షుడి నుంచి కొత్తాయన దాకా వరసగా మొహాలు, కింద నంబర్లు, పేర్లు.

మేం పొద్దున్నే కంపదడి సందులోంచి గొర్రెలను ఒక్కొక్కటిగా వదిలి లెక్కపెడతాం. ఒక్కోసారి ఒక టక్కరి గొర్రె బయటికి పోయి, ఇంకో కంతలోంచి లోపలికి దూరి, మళ్ళీ సందులోంచి వస్తుంది. మొహం గుర్తుపట్టకపోతే లెక్కలో ఒకటి ఎక్కువ వస్తుంది. గొర్రెల కాపరి కళ్ళు మొదట వెతికేది ఆ గొర్రెనే. ఆ కాగితం ముందర నిలబడితే నా కళ్ళూ అదే పని చేశాయి.

ఆ పక్కన హైస్కూలు అయ్యవారు పేపరు చదువుకుంటున్నారు. చరిత్ర చెప్పేవారు. నూనె రాసి మెలితిప్పిన మీసం ఆయనది.

"అయ్యోరా, ఈ మందలో ఒక గొర్రె రెండు తడవలు లెక్కలో పడిండాది" అన్నాను.

"ఏందిరా మాలకొండా, అమెరికా అధ్యక్షులు నీకు గొర్రెల మాదిరి కనపడతా ఉండారా?"

"ఇరవై రెండు, ఇరవై నాలుగు చూడండి. అదే మొహం, అదే మీసం. నంబర్లు ముప్పై నాలుగు ఉండాయి గాని, మనుషులు ముప్పై ముగ్గురే."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "పేరూ ఒకటే గదరా. వాళ్ళల్లో తండ్రీకొడుకులు అధ్యక్షులైనారు, తాతామనవళ్ళూ అయినారు. మన ఇండ్లల్లో తాత పేరు మనవడికి పెట్టమా? ఇదీ అంతే. వీళ్ళు ఇద్దరు."

"మధ్యలో ఉండేది ఒక్కడే గద అయ్యోరా! ఆయన దిగేలోపల మనవడు పుట్టి, మీసం గూడా పెంచుకొని వచ్చినాడా?"

రూమంతా గొల్లుమంది. అయ్యవారి మొహం కందగడ్డయింది. అక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది. నాకు ఆ అలవాటు లేదు.

"మనవడు కాకపోతే తమ్ముడు" అన్నారాయన లేచి. "బడి ఎగ్గొట్టినోడివి, నాకు చరిత్ర చెప్తావా? పందెం కట్టరా. పదిహేను దినాల్లో లైబ్రరీ వార్షికోత్సవం ఉండాది. అచ్చులో రుజువు చూపించు. చూపించలేకపోతే అర మీసం గొరిగించుకొని అందరి ముందర నిలబడాల."

"చూపిస్తే?"

"నా మీసం నీదే."

మా వైపు అర మీసం పందెం అంటే ఆషామాషీ కాదు. ఓడినవాడి మీసం తిరిగి పెరుగుతుంది గాని, మాట పెరగదు. ఆ తర్వాత ఆ రూములో నేను నోరు తెరిస్తే మీసం తడిమి చూపిస్తారు. చదువుకున్నవాళ్ళ మధ్య నోరెత్తడానికి నాకున్న చోటు అదొక్కటే.

మరునాడే వెతుకులాట మొదలుపెట్టాను. లైబ్రరీలో అమెరికా చరిత్ర పుస్తకాలు రెండున్నాయి. ఒకటి ఇరవయ్యో అధ్యక్షుడితోనే ఆగిపోయింది. రెండోదాంట్లో నాకు కావలసిన పేజీలు చెదలు తినేశాయి. మా బావ తాలూకా ఆఫీసులో గుమాస్తా. నా పోరు పడలేక ఆఫీసులో గెజిట్లన్నీ తిరగేశాడు. బందెలదొడ్డి వేలాలు కనిపించాయి గాని అధ్యక్షులు కనిపించలేదు.

చివరికి మద్రాసులో అమెరికావాళ్ళు నడిపే గ్రంథాలయానికి ఉత్తరం రాద్దామన్నాడు బావ. నేను తెలుగులో చెబుతుంటే ఆయన ఇంగ్లీషులో రాశాడు. ఇరవై రెండో ఆయన, ఇరవై నాలుగో ఆయన ఒకరా ఇద్దరా అన్నది ప్రశ్న. చివర, "ఇక్కడ మంగలి కత్తి నూరుతున్నాడు, దయచేసి తొందరపడండి" అని కూడా రాయమన్నాను. బావ విసుక్కుంటూనే రాశాడు. చిత్తుప్రతి లేదు, నకలు లేదు. కవరు అంటించి, స్టాంపు వేసి, ఆఫీసుకు పోతూ తనే పోస్టులో వేస్తానన్నాడు.

పదోరోజు మధ్యాహ్నం అక్క ఇంటికి నా పేరు మీద లావుపాటి కవరొచ్చింది. మద్రాసు ముద్ర స్పష్టంగా ఉంది. లోపల అమెరికా ప్రభుత్వం అచ్చువేసిన అధ్యక్షుల పట్టిక, దాంతోపాటు టైపు కొట్టిన ఉత్తరం. బావ చదివి చెప్పాడు. ఇద్దరూ ఒకే మనిషి. నాలుగేళ్ళు పాలించి, ఎన్నికల్లో ఓడి దిగిపోయి, ఇంకొకాయన నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ గెలిచి వచ్చాడు. వాళ్ళ ప్రభుత్వం ఆయన్ను రెండుసార్లు లెక్కపెడుతుంది. ఉత్తరం చివర, "మీ మంగలికి ఇక మీతో పని ఉండదని ఆశిస్తున్నాం" అని ఉంది.

నేను ఎగిరి గంతేశాను. సరిగ్గా అప్పుడే చాకలికి వేయడానికి బావ కోటు జేబులు తడుముతున్న అక్క లోపలినుంచి కేకేసింది.

"ఏమయ్యో, ఈ ఉత్తరం ఇంకా ఈడనే ఉండాదే?"

మేం రాసిన ఉత్తరమే. కవరు విప్పలేదు. స్టాంపు మీద ముద్ర లేదు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వేసినాననే అనుకున్నానురా" అన్నాడు. విప్పి చూస్తే కత్తి మాటతో సహా అంతా ఉంది. ఆ మాట మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అక్కక్కూడా చెప్పలేదు.

వార్షికోత్సవం నాడు పట్టికను అయ్యవారి చేతికే ఇచ్చాను. ఆయన మొదట మనసులో చదువుకున్నారు. తర్వాత లేచి, అందరికీ వినపడేలా చదివారు. "ఒకడే మనిషి. రెండు తడవలు. వీడు చెప్పిందే నిజం" అన్నారు. చప్పట్లకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. నన్ను తీసుకుపోయి ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టారు.

మీసం వద్దులెండి అయ్యోరా అన్నాను. ఆయన వినలేదు. "మాటంటే మాటేరా" అంటూ అక్కడికక్కడే అర మీసం తీయించుకుని, సభ అయ్యేదాకా తల ఎత్తుకునే కూర్చున్నారు. గెలిచింది నేనైనా, ఆరోజు నేను దణ్ణం పెట్టింది ఆయనకే.

ఆ వేసవిలో గొర్రెల లారీ ఎక్కి మద్రాసు పోయినప్పుడు ఆ గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడ తెలుగు తెలిసిన ఒకమ్మ రిజిస్టర్లు తీసి చూసింది. బయటికి పంపిన కవర్ల పుస్తకంలో నా పేరు, అక్క ఇంటి అడ్రసు ఉన్నాయి. వచ్చిన ఉత్తరాల పుస్తకంలో ఆత్మకూరు నుంచి గాని ఉదయగిరి నుంచి గాని ఒక్క ఉత్తరం కూడా లేదు. ఆమె రెండు పుస్తకాలూ మూసి, నా మొహం చూసి, "మీరు రాయకుండా మేమెలా రాస్తామండీ?" అంది. నేనూ అదే అడగడానికి వచ్చానన్నాను.

ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. బావ దగ్గరా లేదు. ఆ ఉత్తరం నా ట్రంకుపెట్టెలో ఉంది, స్టాంపు కూడా చెక్కుచెదరలేదు. పోస్టులో వేసి చూడరా అని స్నేహితులు ఎగదోస్తుంటారు. ఎవడికీ భయపడనివాణ్ణి గాని, ఆ పని మాత్రం చేయలేదు. వేయకముందే అంత జవాబు వచ్చింది. వేస్తే ఏమొస్తుందో!