పాప పెట్టిన దండాలు

కాన్పుకు ఉడుమలైపేట వచ్చిన అక్క ఇంకా మా ఇంట్లోనే ఉంది. పాపకు ఐదో నెల. ఒక పొద్దున నిద్ర లేస్తూనే పాప తల వాల్చి, రెండు చేతులూ ముందుకు చాపింది. కాసేపటికి మళ్ళీ అలాగే.

"సూడండే, సామికి దండం పెడతా ఉండాది!" అని అవ్వ మురిసిపోయింది. ఇక రోజూ పాప లేవగానే దేవుడి పటాల ముందు కూర్చోబెట్టేది. పక్కింటామె చూడ్డానికి వచ్చింది.

"ఇంత భక్తి మీ ఇంట్లో ఎవరికుందవ్వా?"

"నాకు లేదా ఏమి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ దండాలయ్యాక పాప ఏడ్చేది. లెక్కపెడితే ఒకరోజు ఎనిమిది, ఒకరోజు పన్నెండు. డైరీలో రాసుకున్నాను. పెళ్ళికాని దానికి పిల్లల సంగతేం తెలుసు అంటారని ఎవరికీ చెప్పలేదు.

తర్వాత పాప నవ్వడం మానేసింది. అక్కకు భయం వేసి, నన్ను తోడు తీసుకుని కోయంబత్తూరు వెళ్ళింది. డాక్టరమ్మ గదిలో లైటు ఆపి, ఊదారంగు దీపంతో పాప ఒళ్ళంతా చూసింది. పొట్ట మీద ఆకుల్లాంటి తెల్లమచ్చలు కనిపించాయి. అవ్వ వాటికి కొబ్బరినూనె రాస్తూ ఉండేది.

ఇవి దండాలు కావు, మూర్ఛ అంది డాక్టరమ్మ. పుట్టుకతో జన్యువుల్లో వచ్చే అరుదైన జబ్బట, మెదడులో చిన్న గడ్డలు కడతాయట. మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలట. "ఎన్నాళ్ళుగా ఇలా?" అని అడిగింది.

"వారం ఉంటుందేమో" అంది అక్క.

నేను డైరీ తీశాను. రాసిందంతా తెలుగులో. మా ఇంట్లో అందరూ తమిళంలో చదువుకున్నవాళ్ళే. తెలుగు అక్షరాలు నేనొక్కదాన్నే సొంతంగా నేర్చుకున్నాను. డాక్టరమ్మకూ అవి రావు. అందుకని తమిళంలో చెప్పుకుంటూ పైకి చదవాల్సి వచ్చింది. మొత్తం పంతొమ్మిది రోజులు.

అక్క నా వైపు తిరిగింది. "ఇంత రాసుకున్నావు. నాతో ఒక్క మాట చెప్పను నోరు రాలేదా?"

ఆ రోజే పాప తలకు తీగలు అతికించి పరీక్ష చేశారు. సాయంత్రం నుంచే నీళ్ళలో కలిపే పొడిమందు, రోజుకు రెండుసార్లు. ఆ మందు వల్ల చూపు తగ్గే ప్రమాదం ఉంది కనుక అప్పుడప్పుడూ కళ్ళు చూపించాలన్నారు. రెండో వారానికి ఆ కుదుపులు ఆగిపోయాయి.

మొదటిరోజే వచ్చి ఉంటే ఎలా ఉండేదని తర్వాతిసారి అక్కే అడిగింది. "ఇంకా మంచిదే. ఎంత మంచిదో నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ.

పాపకిప్పుడు ఏడాదిన్నర. గోడ పట్టుకుని నిలబడుతుంది. మాట ఇంకా రాలేదు. అది జబ్బు వల్లా, ఆ పంతొమ్మిది రోజుల వల్లా అని అక్క ఇప్పుడు అడగదు. నేనూ అడగను.