లోపల బొగ్గున్న మట్టి

మా ఇంటాయన పోయాక పచ్చి కుండీలు మిగిలాయి. చక్రం మీద నుంచి దించి పాకలో ఆరబెట్టినవి. కాల్చని కుండీ అంటే ఏముంది, గట్టి వాన తగిలితే మళ్లీ మట్టే. పాక రేకులు తుఫానుకు ఎగిరిపోయాయి. పరదా కప్పాను. దాని మీద చినుకు పడ్డప్పుడల్లా నా ప్రాణం అక్కడే ఉండేది. ఆయన వేళ్లు తిరిగిన గీతలు వాటి మీదే ఉన్నాయి మరి. ఇంకెక్కడ చూసుకోను?

అది మామూలు మట్టి కాదు. మా వైపు చెరువులు కప్పేసి ప్లాట్లు వేశాక మంచి మట్టి దొరకడం కష్టమైంది. ఆయన పగలు ఓడరేవులో బొగ్గు గుట్టల దగ్గర కూలికి పోయేవాడు. గని తవ్వకంలో బొగ్గుతోపాటు వచ్చేసిన బూడిదరంగు రాయిని అక్కడ ఏరి పక్కన పోసేవారు. ఆ పోగు వానకు నాని ముద్దయిపోవడం ఈయన కంట పడింది. ఎలాగూ పారేసేదే కదా అని అడిగి, గోనెసంచుల్లో తెచ్చాడు. నేను దంచి, జల్లించి, ఉన్న కాస్త చెరువుమట్టిలో కలిపి తొక్కేదాన్ని.

"ఓలే, దీన్లోనే బొగ్గుంది," అనేవాడు. "మంట ఎక్కువెట్టకూడదు. లోపల్నుంచి అదే కాల్తాది. తొందరపెట్టినావా, నీ మూతిలాగ ఉబ్బిపోద్ది."

కుండీలు కాల్చే ఆవం ఎప్పుడూ ఆయనే పేర్చేవాడు, ఆయనే ముట్టించేవాడు. ఈసారి మా మరిదిని పిలిచాను. నేను పేర్చింది చూసి అతను నవ్వాడు.

"ఏటొదినా ఇది? ఈ పిసరు కర్రలకి కుండీలు కాల్తాయేటి? మా అన్న పీనాసితనం నీకూ అంటించీసి పోనాడు."

"మీ అన్న సెప్పిందే సేత్తన్నాను. ఇంకెయ్యకు."

"మరి అగ్గిపెట్టి ఇటియ్యి. నువ్వు ముట్టించకూడదు. సూసినోలు ఏటంతారు?"

"నాను తొక్కిన మట్టి ఇది. ఎవులేటన్నా అననీ."

నేనే ముట్టించాను.

మధ్యాహ్నానికి గడ్డి పొగ తగ్గింది. అప్పుడు సన్నగా బొగ్గు వాసన మొదలైంది. ఆయన రేవు నుంచి వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే ఇల్లంతా నిండేదే, ఆ వాసన. ఆ చొక్కాలను దినాలనాడే ఎవరికో ఇచ్చేశారు. నేను ఆవం దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"పొగ కళ్లల్లోకి పోతంది ఒదినా, ఇవతలకి రా."

"పోనీ."

గాలి వెళ్లే కంత ఇప్పుడు మూసేస్తే మట్టిలో బొగ్గు పూర్తిగా కాలదు. లోపల నల్లగా నిలిచిపోతుంది. నిలిచిపోనీ అనిపించింది. మూయడానికి మట్టిముద్ద చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ అలా ఆగిన కుండీకి గట్టిదనం ఉండదు, ఏదో ఒకనాడు పగులుతుంది, ఆ గీతలూ పోతాయి. ముద్ద కింద పెట్టేశాను. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుని ఆ వాసన పీల్చుకున్నాను. సన్నబడుతూ సన్నబడుతూ ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు.

మర్నాడు చల్లారాక తీశాం. అన్నీ ఎర్రగా వచ్చాయి. మరిది ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూశాడు, ఖంగుమంది. "బాగా కాలినాయొదినా! ఒక్కటీ పోలేదు," అన్నాడు సంబరంగా.

నేనూ సంబరపడ్డాను. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పగిలినా బాగుండేదనిపించింది. లోపల ఎక్కడైనా కొంచెం నలుపు మిగిలిందేమో, ఆ పెంకు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేదాన్ని.