నల్లబడ్డ పసుపు

పెండ్లి పీటలకు పూసిన పసుపు నల్లబడిందంటే దానికి కారణం మసి. ఇంకేమీ కాదు. ఈ మాట మా అన్నకు చెప్పాను, పెనుకొండలో పెండ్లికొడుకు వాళ్ళవ్వకు చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్నావిడకు కూడా, అడగకపోయినా చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

మాది హిందూపురం బజారులో పాత్రల అంగడి. మా వైపు పెండ్లిలో చెంబు ఇచ్చినా బిందె ఇచ్చినా దాని మీద ఇచ్చినవాళ్ళ పేరు ఉండాల్సిందే. పేరు లేకపోతే ఇచ్చి ఏం లాభం? గోరంట్ల నుంచి, రొద్దం నుంచి వచ్చినవాళ్ళు సామాను బేరమాడి కొని, "పేరు కొట్టియ్యమ్మా" అని తెచ్చి నా ముందు పెట్టేవాళ్ళు. కరెంటు పెన్నుతో గర్రుమని చప్పుడు చేస్తూ స్టీలు మీద పేర్లు కొట్టడం నా పని. తెలుగులో కొట్టేదాన్ని, మడకశిర వైపు వాళ్ళు అడిగితే కన్నడంలోనూ కొట్టేదాన్ని.

అంగట్లో ఆ మూల నాకు మా నాయన ఇచ్చింది. నేను మొగుణ్ణి వదిలి వచ్చేసినదాన్ని. నన్నెవరూ తరమలేదు, నేనే వచ్చాను. వచ్చిన రోజు ఇంట్లో అందరూ చావు ఇంట్లో ఏడ్చినట్టు ఏడుస్తుంటే మా నాయన మాత్రం, "ఎందుకు ఏడ్చేది? రేపట్నుంచి అంగడికి రా. నీ చేతిరాత బాగుంటాది" అన్నాడు. ఒక కుర్చీ, ఒక పెన్ను, గోడకు ఒక ప్లగ్గు. మళ్ళీ నేను మనిషినైంది ఆ మూలలోనే.

నాయన పోయాక అంగడి అన్న చేతికి వచ్చింది. అన్న చెడ్డవాడు కాదు. కాకపోతే ఎవరేమన్నా అదే నిజమనుకునే రకం. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమంటాడు.

ఇప్పుడు పెండ్లిళ్ళలో అందరూ కవర్లు చేతిలో పెట్టి పోతున్నారు. పాత్రల మీద పేర్లు కొట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. నా మూలలో మిక్సీల పెట్టెలు పేర్చుకోవచ్చని అన్న అప్పుడప్పుడూ కంటితోనే కొలుచుకునేవాడు. నేను చూడలేదనుకున్నాడు పాపం. నేను ఊరుకునే రకమా? ఫోన్లో వీడియోలు చూసి చూసి, బల్ల మీద పట్టేంత లేజర్ మిషను ఒకటి తెప్పించాను. నాలుగు కమ్మీల చట్రం, మధ్యలో అటూ ఇటూ పరిగెత్తే తల, ఆ తలలోంచి కిందికి దిగే నీలం వెలుగు చుక్క. చుక్క కట్టె మీద పడిన చోటల్లా సన్నగా కాలి, అక్షరం పుట్టుకొస్తుంది. వేగం తగ్గించి, మంట పెంచితే పలచని చెక్కను కోసేస్తుంది కూడా.

మొదటి రోజే పొగ అంగడంతా కమ్ముకుంది. "అంగడా ఇది, ఇటుకల బట్టీనా?" అని అన్న దగ్గుతూ బయటికి పరిగెత్తాడు. కిటికీలోంచి బయటికి గొట్టం పెట్టి, దానికో ఫ్యాను బిగించాను. కళ్ళకు పచ్చద్దాలు పెట్టుకుంటే ఎదురంగడి ఆయన, "ఏమమ్మా, వెల్డింగు చేస్తాండావా?" అని నవ్వాడు. నవ్వుకో నాయనా అన్నాను. తలుపు మీది పేర్లు, దేవుడి గూటికి చెక్కలు, తాళంచెవుల బిళ్ళలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. అన్న మాత్రం మొదటే చెప్పి పెట్టాడు: "ఈ మిషను వల్ల ఎవురన్నా ఒక్క మాట అన్నారంటే దీన్ని అమ్మేస్తా. నువ్వు ఇంటి కాడ కూసుందువు గాని."

అలాంటప్పుడు ధర్మవరం నుంచి ఒక పెండ్లికూతురు ఫోన్ చేసింది. పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. "అక్కా, పెండ్లి పీటలు కావల్ల. మా నాయన నా పెండ్లి చీర నేస్తాండాడు. ఆ చీర అంచు పీట చుట్టూ రావల్ల" అంది. అంచు ఫోటో పంపింది. ప్రాణం లేచొచ్చింది నాకు! వడ్రంగితో టేకు పలకలు చదును చేయించుకుని, ఆ అంచులో ఉన్న చిలకల్ని, మామిడి పిందెల్ని కంప్యూటర్లో ఒక్కొక్క గీతా గీసి పీటల మీదికి దించాను. అక్షరాల మీద కూర్చోకూడదు కాబట్టి ఎవరి పేరు వాళ్ళ పీటకు పక్క అంచున వేశాను. ఆ మాత్రం నాకు తెలుసు. పాలిష్ పెడతానంటే ఆ పిల్ల వద్దంది. పెండ్లి పెనుకొండలో, పెండ్లికొడుకు ఇంటి దగ్గర. అక్కడ ముత్తైదువలు పీటలకు పసుపు పూస్తారు, పాలిష్ ఉంటే పసుపు పట్టదు. నిజమే కదా అని పొడిగుడ్డతో తుడిచి నేరుగా పెనుకొండకు పంపించాను.

అక్కడే వచ్చింది చిక్కు. పీటలు చేరిన మర్నాడు పొద్దున్నే అన్న ఫోన్ మోగింది. అన్న ముఖం చూస్తుండగానే పాలిపోయింది. ముత్తైదువలు తడి పసుపు పూస్తే చిలకలన్నీ నల్లగా కారి, పీట మీద పసుపంతా బూడిద రంగుకు తిరిగిందట. పెండ్లికొడుకు వాళ్ళవ్వ అపశకునమని పీటల్ని గడప బయట పెట్టించిందట. పైగా చేసింది ఎవరని ఆరా తీసి, మొగుణ్ణి వదిలేసిన మనిషని తెలుసుకున్నారట.

"చెప్పినానా లేదా?" అన్నాడు అన్న. "సాయంత్రానికి ఆ మిషను మూట కట్టు."

"సాయంత్రం దాకా తాకొద్దు" అన్నాను. సంచిలో ఉప్పుకాగితం, పాత పళ్ళ బ్రష్షు వేసుకుని పెనుకొండ బస్సెక్కాను. బస్సు కదలగానే పక్కనావిడకు, అడగకపోయినా, మసి సంగతంతా చెప్పేశాను. భయం కాదు, కోపం. సరే, కొంచెం భయం కూడా.

ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. పీటలు గడప బయట, చెప్పుల పక్కన పడున్నాయి. నా చిలకలు చెప్పుల పక్కన! అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు, మెడ బోసిగా ఉంది. కళ్ళు మాత్రం సూదుల్లా ఉన్నాయి.

"నువ్వేనా ఆ యమ్మి? మొగుడు లేడంట కదా?"

"ఉండాడవ్వా. నేనే ఆడ లేను."

వెనక కోడళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అవ్వ నవ్వలేదు. "మొగున్ని ఇడిసినదాని చెయ్యి పడితే పసుపు నల్లబడకుండా ఎట్లుంటాది?" అంది.

"అది నా చెయ్యి కాదు, మసి. కాలిన కట్టెకు మసి ఉండదా? పాలిష్ వద్దంటే లోపల మసి కడగకుండా పంపిచ్చినా. తడి తగిలి కారింది. రేపు పెండ్లికూతురికి కండ్లకు కాటుక పెడతారు, బుగ్గన చుక్క పెడతారు. ఆ నలుపు యాడ్నించి వస్తాది? దీపం మసి కాదా?"

"మాటలకేం తక్కువ లేదు నీకు."

"పనికీ తక్కువ లేదు. కుంకుడుకాయలు ఇప్పియ్యి, చూపిస్తా."

ఇచ్చారు. పెరట్లో బట్టలుతికే బండ మీద పీటలు పెట్టుకుని, కుంకుడు రసం పోసి, బ్రష్షుతో ఒక్కొక్క చిలక ముక్కు దగ్గర్నుంచి తోక దాకా రుద్దాను. నల్లని నీళ్ళు కాలవ కట్టాయి. రుద్దే కొద్దీ నీళ్ళు తేటబడ్డాయి. మసి పోయింది, కాలిన గీత మాత్రం గోధుమ రంగులో గట్టిగా నిలబడింది. ఎండలో ఆరబెట్టి, పైన మిగిలిన మరకలు ఉప్పుకాగితంతో తీశాను. పందిరి వేసేవాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు.

"ఇప్పుడు పసుపు పూయండి" అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. కోడళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మళ్ళీ నల్లబడితే ఆ పాపం ఎవరి చేతికి అంటుతుందో అని వాళ్ళ భయం. నాకు ఒళ్ళు మండింది. పసుపు గిన్నె లాక్కుని నేనే పూశాను. "అయ్యో, అయ్యో, పసుపు ముట్టుకుంటివి కదే!" అని అవ్వ అరుగు దిగి వచ్చింది. అరవనీ అనుకున్నాను. అటు చివర నుంచి ఇటు చివర దాకా అరచేత్తో పూసి, లేచి పక్కకు నిలబడ్డాను.

పీట పచ్చగా ఉంది. చూస్తూ ఉన్నాం. పచ్చగానే ఉంది. చిలకలు పసుపులోంచి తలెత్తి చూస్తున్నాయి.

"చూడవ్వా" అన్నాను. "నిన్న పూసినోళ్ళందరూ ముత్తైదువలే. నల్లబడింది. ఈ పొద్దు పూసింది నేను. పచ్చగా ఉండాది. చెడ్డ చెయ్యి ఎవురిదో నువ్వే చెప్పు."

అవ్వ పీట వైపు చూసింది, కోడళ్ళ వైపు చూసింది, మళ్ళీ పీట వైపు చూసింది. నా దగ్గరికి జరిగి, నాకు ఒక్కదానికే వినబడేట్టుగా, "నేను నిన్న దూరంగానే ఉండినా. నా చెయ్యి తగలలేదు" అంది.

ఆ మాట వినగానే నా కోపం ఎటు పోయిందో తెలియదు. సొంత మనవడి పెండ్లి. ఆ ముసలామె గడప లోపల ఉండి కూడా, పసుపు గిన్నెకు ఆమడ దూరంలో నిలబడి అందరికీ పని చెప్పింది. నన్ను ఏ మాట అన్నదో, ఆ మాట ఆమె మీద ఎన్నేళ్ళుగా ఉందో!

రెండో పీట ఇంకా పూయలేదు. గిన్నె ఆమె ముందుకు చాపాను. "ఈ పొద్దు తగలనీ అవ్వా. మీ మనవడి పీట ఇదే."

"వద్దులే పాపా..." అంది. అంటూనే వంగింది. మునివేళ్ళు గిన్నెలో ముంచి, మనవడి పేరున్న పక్క అంచు మీద మెల్లగా పూసింది. చేతిని వెంటనే తీయలేదు.

"పచ్చగానే ఉండాదే" అంది అవ్వ. ఆ మాట ఎవరితో అన్నదో నాకు తెలియదు.

సాయంత్రం అంగడికి చేరేసరికి నా మూలలో రెండు మిక్సీ పెట్టెలు వచ్చి కూర్చున్నాయి. మిషను ఇంకా మూట కట్టలేదు.

"ఏమన్నారు?" అన్నాడు అన్న.

"పెండ్లి ఆ పీటల మీదనే."

"పసుపు ఎవురు పూసినారు మళ్ళీ?"

"ఒక దానికి నేను. ఒక దానికి వాళ్ళవ్వ."

అన్న నా పసుపు చేతుల వైపు చూశాడు. తర్వాత పెట్టెలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, తనే మోసుకుపోయాడు. నేను నా కుర్చీలో కూర్చున్నాను. చేతులు కడుక్కోలేదు. ఆ పసుపు చేతులతోనే మిషను స్విచ్చు వేశాను.