రెండోసారి అడగలేదు

మా వైపు భోజనాల దగ్గర 'చాలండి' అంటే చాలని కాదు, ఇంకో గరిటె వెయ్యమని. అడగ్గానే ఊ అన్నవాణ్ణి తిండికి మొహం వాచినవాడంటారు. అందుకని ముందు వద్దనాలి, చెయ్యి అడ్డం పెట్టాలి. వడ్డించేవాళ్లు ఆ చేతిని పక్కకు నెట్టి వెయ్యాలి. అప్పుడు 'అయ్యో, ఎందుకండీ' అంటూ తినాలి. ఇందులో ఏది తప్పినా ఇరువైపులా మర్యాద పోయినట్టే. నేను ఈ పద్ధతిలోనే పెరిగాను. ఎం.ఏ.లో ప్రాజెక్టు చేసిందీ ఒక రకంగా దీని మీదే. చివరికి నా కొంప ముంచిందీ ఇదే.

రాజమండ్రిలో అప్లైడ్ ఎకనామిక్స్‌లో చేరినప్పుడు అదేం చదువో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు మాది. నాన్నగారు సహకార సొసైటీలో గుమాస్తా. ఎవరైనా అడిగితే "లెక్కలూ వ్యాపారం కలిపిన చదువండి" అని చెప్పేవారు. అది మరీ తప్పేమీ కాదు. మొదటి ఏడాది ఆ లెక్కలే నన్ను ఏడిపించాయి. ఎకనామెట్రిక్స్ క్లాసులో బోర్డు నిండా గ్రీకు అక్షరాలు చూసి, ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు కూడా వాటి గురించే ప్రార్థన చేసేదాన్ని. అది ఎప్పుడు బుర్రకెక్కిందో తెలీదు కానీ, ఎక్కాక మాత్రం దిగలేదు. సెలవులకు ఇంటికొచ్చినా సంతలో బేరాలు చూస్తూ నిలబడిపోయేదాన్ని. అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కురావాల్సి వచ్చేది.

రెండో ఏడు మాకు ఢిల్లీ నుంచి ఒక మాస్టారు వచ్చారు, ఏడాదిపాటు పాఠాలు చెప్పడానికి. తల్లిదండ్రులు తెలుగువాళ్లే కానీ ఆయన పుట్టి పెరిగిందంతా అక్కడే. తెలుగు శుభ్రంగానే మాట్లాడేవారు, కాకపోతే ముక్కుసూటి మనిషి. టీ తాగుతారా అంటే "వద్దు" అనేవారు. ఇక తాగరు. మా డిపార్టుమెంటు అటెండరుకు ఈ సంగతి చాన్నాళ్లు మింగుడుపడలేదు. పాపం, వద్దన్న ప్రతిసారీ తెచ్చిపెట్టేవాడు, అది చల్లారిపోయేది.

నా ప్రాజెక్టు రావులపాలెం అరటి రైతుల మీద. ఒక్కో రైతు ఏళ్ల తరబడి ఒకే వ్యాపారికి గెలలు ఎందుకు వేస్తాడు, పక్కవాడు మంచి ధర ఇస్తానన్నా ఎందుకు వెళ్లడు అన్నది నా ప్రశ్న. ప్రశ్నలు అచ్చేయించుకుని వెళ్లాను. 'ధర మీకు సంతృప్తిగా ఉందా' అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "బాగానే ఉందండి." 'ఆదాయం పెరిగిందా' అంటే, "ఏదో, మీ దయవల్ల గడుస్తోందండి." నా దయవల్ల అరటి పండటమేంటి? తోటి విద్యార్థులు ఇలాంటి జవాబులన్నిటినీ 'చాలా సంతృప్తి' కింద వేసేసి ఇంటికెళ్లిపోయారు. నాకు మనసొప్పలేదు. మా వాళ్లు మొదటిసారి అడిగినప్పుడు నిజం చెప్పరని నాకు పుట్టుకతోనే తెలుసు. మళ్లీ వెళ్లాను, కూర్చున్నాను, ఇచ్చిన కాఫీ తాగాను, అవే ప్రశ్నలు అడిగాను. అప్పుడు విప్పారు. పిల్ల పెళ్లికి ఆదుకున్నాడని ఒకరు, నోరు తెరిచి మానేస్తానని చెప్పలేకపోతున్నానని ఇంకొకరు. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి, మొదటి జవాబుకీ రెండో జవాబుకీ ఉన్న తేడా ఎంతో లెక్క కట్టాను.

మాస్టారు అది చదివి నన్ను గదిలోకి పిలిచారు.

"రెండుసార్లు అడగాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. మా ఇళ్లల్లో అంతేనండి."

ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు. ఆ రోజునుంచి ఏ కొత్త వ్యాసం వచ్చినా నాకు పంపేవారు. నేనూ రెచ్చిపోయి రాసేదాన్ని. నాకు జీవితంలో ఏం కావాలో అంత స్పష్టంగా తెలిసిన కాలం అంతకుముందు లేదు, ఆ తరవాతా లేదు. నాకు రిసెర్చి కావాలి. అంతే.

పరీక్షలయ్యాక ఆయన ఢిల్లీ వెళ్లిపోయే ముందు, "మీ నాన్నగారితో మాట్లాడాలి, ఆదివారం వస్తాను" అన్నారు. ఎందుకో నాకు చూచాయగా తెలుసు. నాన్నగారికీ చెప్పాను. ఆయన ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఆదివారం ఆరాధన అవగానే ఇంటికి పరిగెత్తుకొచ్చాం. అమ్మ తెల్లవారుజామునే లేచి కోడి వేపుడు, రొయ్యల ఇగురు, చేపల పులుసు, గారెలు చేసింది. మాస్టారు కొంచెం తిని "చాలు" అన్నారు. అమ్మ ఇంకో గారె వేసింది. "నిజంగా చాలమ్మా" అని చెయ్యి అడ్డం పెడితే, వేళ్ల సందుల్లోంచి పులుసు పోసింది. మే నెల ఎండ, ఫ్యాను వేడిగాలి, ఆయన మొహం ఎర్రబడిపోయింది. పాపం, మర్యాదకి అంతా తిన్నారు.

తిన్నాక చెప్పారు. వాళ్ల సంస్థలో పల్లె మార్కెట్ల మీద పెద్ద పని మొదలవుతోంది, అందులో పీహెచ్‌డీ సీటు ఒకటుంది, స్టయిపెండు ఉంటుంది, హాస్టలు ఉంటుంది. "అది మీ అమ్మాయికి ఇవ్వాలనుకుంటున్నాను. పంపిస్తారా?"

నాన్నగారి కళ్లు మెరవడం నేను చూశాను. నోరు మాత్రం తన పని తను చేసుకుపోయింది. "అబ్బే, దానికంత తెలివెక్కడిదండి? ఏదో మీ దయవల్ల ఈ మాత్రం గట్టెక్కింది. మాలాంటివాళ్లకి అంత పెద్ద చదువులెందుకండి?"

మాస్టారు నావైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా?"

చదువుకున్నదాన్ని. రైతుల నోట మొదటి జవాబు అబద్ధమని లెక్కలు కట్టి నిరూపించినదాన్ని. తల దించుకుని, "నాన్నగారు ఎలా అంటే అలాగేనండి" అన్నాను. ఆ మాట అంటూ ఆయన రెండో ప్రశ్న కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను.

"సరే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టనండి" అని ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు.

మాటల్ని నమ్మకండి, మనుషులు ఏం చేస్తున్నారో చూడండి అని ఏడాది పొడుగునా మాకు పాఠం చెప్పింది ఆయనే. ఎదురుగా రొయ్యలూ గారెలూ పెట్టుకుని, మేం ఏం చేస్తున్నామో ఆయన చూడలేదు. ఆయన్ని అనడమెందుకు, తన చెయ్యి వద్దంటే అమ్మ వినలేదు కాబట్టి, ఎదుటివాళ్లు వద్దంటే వినాలని ఆయన ఆ పూటే గట్టిగా అనుకుని ఉంటారు.

కారు మలుపు తిరగగానే నాన్నగారు చేతులు రుద్దుకున్నారు. "వెళ్లేలోపు మళ్లీ అడుగుతాడు, చూడు. మొదటిసారే ఊ అనేస్తే ఎగబడ్డట్టు ఉండదూ?" మర్నాడే పాలకొల్లు వెళ్లి స్వెటర్ కావాలని బట్టల కొట్లన్నీ తిరిగారు. మే నెలలో మా డెల్టాలో స్వెటర్ అడిగే మనిషిని చూసి కొట్లవాళ్లు నవ్వారట. చివరికి భీమవరంలో దొరికింది, మెరూన్ రంగుది, నాకు రెండు సైజులు పెద్దది. "ఢిల్లీ చలికి లోపల ఇంకోటి తొడుక్కోవాలి కదమ్మా" అన్నారు.

మాస్టారు మళ్లీ అడగలేదు. వెళ్లిపోయారు. జూన్ కూడా సగం గడిచింది. నేను ఫోన్ చెయ్యొచ్చు. అడగందే అమ్మయినా పెట్టదని నాకు తెలియదా? కానీ నాన్నగారు వద్దన్నాక నేను కావాలనడమంటే ఆయన మాట తీసి గట్టున పెట్టడమే. మొహమాటం మీద మా అమ్మమ్మ ఒక మోటు సామెత చెప్పేది. అచ్చులో రాయలేను గానీ, నాలాంటి ఆడపిల్లల కోసం పుట్టిందే అది.

ఆఖరికి నాన్నగారే ఫోన్ చేశారు. పక్కనే నిలబడి విన్నాను. "నమస్కారమండి, బాగున్నారా? ఆరోగ్యం అదీ బాగుందా? అక్కడ ఎండలెలా ఉన్నాయి? ఆహా, ఏం లేదండి, ఊరికే చేశాను. ఉంటానండి." పెట్టేసి, అవతలివాళ్లు సంగతి ఎత్తకుండా మనమెలా ఎత్తుతాం అన్నట్టు నావైపు చూశారు. ఆ ఆగస్టులో తెలిసింది, సీటు మా క్లాసులోని శ్రీకాకుళం కుర్రాడికి వెళ్లిందని. అడగ్గానే "వస్తానండి" అన్నాడట. ఇప్పుడతని వ్యాసాలు నేను చదువుతుంటాను. ఏడుపు లేదంటే అబద్ధం.

నేను భీమవరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. పెళ్లయింది, ఒక పాప. కష్టాలేమీ లేవు. ఏటా అవే పాఠాలు, అవే బొమ్మలు బోర్డు మీద గీసి తుడిచేస్తుంటాను. తుడుస్తున్నప్పుడు ఒక్కోసారి ఒళ్లు మండిపోతుంది.

మొన్న రాజమండ్రిలో సెమినార్‌కి మాస్టారు వచ్చారు. ఆయనొస్తున్నారని అమ్మకి ముందే చెప్పి వెళ్లాను. జుట్టంతా నెరిసిపోయింది. పలకరిస్తే నా ప్రాజెక్టుతో సహా గుర్తుపట్టారు. ధైర్యం చేసి అడిగేశాను. "ఆ రోజు నేను రానన్నానని నిజంగానే అనుకున్నారా అండి?"

"మీరిద్దరూ వద్దన్నారు కదమ్మా" అన్నారు. "అయినా మనసొప్పక జూలై చివరిదాకా సీటు ఎవరికీ ఇవ్వలేదు. మీ నాన్నగారు ఫోన్ చేస్తే, ఒప్పుకున్నారనే అనుకున్నాను. ఆయన నా ఆరోగ్యం అడిగి పెట్టేశారు."

తిరుగు బస్సులో ఎవరు చూస్తున్నారన్నది కూడా పట్టించుకోకుండా ఏడ్చాను.

ఆ సాయంత్రం మా ఊరు వెళ్తే నాన్నగారు అరుగు మీదే ఉన్నారు. నేను చెప్పులు విప్పకముందే, "ఆయన కనిపించారా?" అన్నారు. కనిపించారన్నాను. కాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్యా ఆ సీటు ప్రస్తావన రాలేదు.

"అమ్మాయ్, నేను ఫోన్ చేసిన రోజుకి ఆ సీటు ఉందంటావా?"

ఆ ఒక్క ప్రశ్నని ఆయన ఎన్నాళ్లుగా మోస్తున్నారో నాకప్పుడు అర్థమైంది.

"లేదట నాన్నగారూ. అప్పటికే ఇచ్చేశారట."

"నిజంగానేనా?"

ఈ సంగతిలో నన్ను ఎవరైనా ఒక ప్రశ్న రెండోసారి అడిగింది అప్పుడే.

"నిజంగానే" అన్నాను.

ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలారు. "అంతేలే. నా వల్లేమో అనుకున్నాను" అని, లోపలికి వెళ్లి కాఫీ పెట్టమని అమ్మకి చెప్పారు.